మిర్రర్‌లెస్ కెమెరాకు చిన్న ప్రైమ్ లెన్స్: చెన్నైలో ఉండి ఎంచుకునే పద్ధతి

కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్స్‌తో కొంతకాలం ఫోటోలు తీసి, ఇక రోజూ వెంట తీసుకెళ్ళగలిగే చిన్న ప్రైమ్ లెన్స్ ఒకటి కొనుక్కోవాలని అనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఫోటోలో ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో తేల్చే ఎంఎం (మిల్లీమీటర్ల) అంకె ఫోకల్ లెంగ్త్, అది చిన్నదైతే ఎక్కువ వెడల్పు పడుతుంది. జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండే లెన్స్‌నే ప్రైమ్ అంటారు. కొనబోయేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది, ఎఫ్ 1.4 తీసుకోవాలా, ఎఫ్ 1.8 సరిపోతుందా అని. లెన్స్ ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందో ఈ ఎఫ్ సంఖ్య చెబుతుంది, అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ. అడగవలసిన ప్రశ్నే గాని, దాని వంతు తరువాత వస్తుంది. మీరు మనుషులకూ వస్తువులకూ ఎంత దూరంలో నిలబడి ఫోటో తీస్తారో తేలితే ఫోకల్ లెంగ్త్ తేలుతుంది. అది తేలాక, ఆ ఫోకల్ లెంగ్త్‌లో మీ సంచిలో ఇమిడేవి ఏవో చూడాలి. ఎఫ్ సంఖ్య సంగతి ఆ మిగిలిన రెండు మూడింటి మధ్య తేల్చుకోవలసినది. ఈ వరుస తప్పినవారి లెన్సులు బీరువాలో ఉండిపోవడం, వారు మళ్ళీ ఫోన్‌తోనే ఫోటోలు తీసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

1. మౌంటు, సెన్సార్

బాడీకి లెన్స్ బిగుసుకునే చోటు మౌంటు. సోనీకి ‘ఈ’ (E) మౌంటు, ఫ్యూజీఫిల్మ్‌లో మనకు ఎక్కువగా కనిపించే కెమెరాలకు ఎక్స్, నికాన్‌కు జెడ్, కెనాన్‌కు ఆర్ఎఫ్, ఓఎం సిస్టమ్‌కూ పానసోనిక్ చిన్న కెమెరాలకూ మైక్రో ఫోర్ థర్డ్స్. ఒకదాని లెన్స్ మరొకదానికి నేరుగా పట్టదు. కెనాన్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: సిగ్మా, టామ్రాన్ సంస్థలు ఆర్ఎఫ్ మౌంటుకు ఆటోఫోకస్ లెన్సులు చేస్తామని 2024లో ప్రకటించినప్పుడు, అవి ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ కోసం చేసినవే. అందువల్ల కెనాన్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీ ఉన్నవారు ముందుగా కెనాన్ సొంత లెన్సులలోనే వెతుక్కోవాలి.

సెన్సార్ కొలత కూడా ఇక్కడే చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ 36 × 24 మి.మీ. ఉంటుంది. ఏపీఎస్-సీ సోనీ, నికాన్, ఫ్యూజీలలో సుమారు 23.5 × 15.6 మి.మీ., కెనాన్‌లో అంతకంటే కొంచెం చిన్నది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మి.మీ. లెన్స్ మీద రాసి ఉన్న ఫోకల్ లెంగ్త్‌ను ఏపీఎస్-సీలో 1.5తో, కెనాన్ ఏపీఎస్-సీలో 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2తో హెచ్చిస్తే, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో అది ఎంత దృశ్యాన్ని చూపిస్తుందో తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 35 ఎంఎం చూపించేదాన్నే ఏపీఎస్-సీ మీద 23 ఎంఎం, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 17 ఎంఎం దాదాపుగా చూపిస్తాయి. తరువాతి రెండు భాగాలలో ఫోకల్ లెంగ్త్‌లన్నీ ఈ ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోనే చెబుతాను, మీ సెన్సార్‌కు తగ్గట్టు భాగించుకోండి.

ఏపీఎస్-సీ కోసం చేసిన లెన్స్‌ను ఫుల్‌ఫ్రేమ్ బాడీకి బిగిస్తే కెమెరా మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా అప్పుడు సుమారు 10 మెగాపిక్సెళ్ళ ఫోటో ఇస్తుంది. రేపు ఫుల్‌ఫ్రేమ్‌కు మారతామేమో అన్న ఆలోచనతో ఈ రోజు పెద్ద లెన్స్ కొనడం నాకు నచ్చదు. మీ చేతిలో ఉన్న బాడీకి ఏది తగునో అదే కొనండి.

ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్ ఉంది, అడాప్టర్ పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఫోటో బాగానే వస్తుంది గాని చిన్నదనం పోతుంది. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో మౌంటుకూ సెన్సార్‌కూ మధ్య దూరం 44 మి.మీ., ఆర్ఎఫ్ మౌంటులో అది 20 మి.మీ. మాత్రమే కనుక మిగిలిన 24 మి.మీ. దూరాన్ని అడాప్టర్ నింపవలసి ఉంటుంది. కెనాన్ వారి పలుచటి ఈఎఫ్ 40 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ పొడవే 22.8 మి.మీ. అంటే అడాప్టరే లెన్స్ కంటే పొడవు.

2. దూరాన్ని కొలవండి

గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క ఒకటి ఉంది. 35 ఎంఎం లెన్స్‌తో కెమెరాను అడ్డంగా పట్టుకుంటే, మీరు ఎంత దూరంలో నిలబడ్డారో దాదాపు అంత వెడల్పు ఫ్రేములో పడుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి మూడు మీటర్ల వెడల్పు. అదే దూరంలో 28 ఎంఎం సుమారు 3.9 మీటర్లు, 50 ఎంఎం సుమారు 2.2 మీటర్లు, 85 ఎంఎం 1.3 మీటర్ల లోపు చూపిస్తాయి. ఇంట్లో పండగ పూట కుటుంబం అంతా వరుసగా కూర్చుని భోంచేస్తున్నారనుకోండి. ఒక్కొక్కరికి అర మీటరు చొప్పున లెక్కవేస్తే, మూడు మీటర్ల దూరం నుంచి 35 ఎంఎంతో ఆరుగురు పడతారు, 50 ఎంఎంతో నలుగురే. నగరంలోని ఫ్లాట్లలో హాలు చాలావరకు పది పన్నెండు అడుగులే కాబట్టి, వెనక్కి జరిగే చోటు గోడ దగ్గర అయిపోతుంది. ఇంట్లో ఫోటోలే మీకు ముఖ్యమైతే ఈ ఒక్క లెక్కతో సగం నిర్ణయం అయిపోయినట్టే.

వీధిలో ఈ దూరం వేరుగా ఉంటుంది. మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ ఉన్న మాడ వీధులలో ఉదయం పూట పూల దుకాణాల ముందు నిలబడితే, మీకూ పూలు కట్టే మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు కూడా ఉండదు. అక్కడ 50 ఎంఎంతో ముఖం, చేతులు వస్తాయి. బుట్టలు, తక్కెడ, వెనక వీధి కూడా కావాలంటే 28 గాని 35 గాని ఉండాలి. బ్రహ్మోత్సవాల ముందు చెన్నకేశవ పెరుమాళ్ ఆలయం నుంచి బయలుదేరే తిరుపతి గొడుగుల ఊరేగింపులో జనం భుజానికి భుజం తగిలేలా ఉంటారు కనుక 28 ఎంఎం కంటే ఇరుకైన దానితో గొడుగునూ దాన్ని మోసే మనిషినీ ఒకే ఫ్రేములో పట్టడం కష్టం. మెరీనా ఇసుకలో అయితే వెనక్కి నడవడానికి కావలసినంత చోటు ఉంటుంది, అక్కడ 50 ఎంఎం హాయిగా పనిచేస్తుంది.

దగ్గరికి వెళ్ళి వెడల్పైన లెన్స్‌తో ముఖాన్ని తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. దానికి కారణం మీరు నిలబడిన దూరమే, లెన్స్ తప్పు కాదు. 28 ఎంఎం ఎంచుకునేవారు ఒంటరి ముఖాలను ఫ్రేము నిండా తీయాలన్న కోరిక కొంత వదులుకోవాలి. పిల్లల ముఖాలే ఎక్కువగా తీసేవారికి 50 ఎంఎం మేలు. పూర్తిగా పెద్దవాళ్ళ పోర్ట్రెయిట్లే అయితే 85 వైపు వెళ్ళాలి గాని, 85ను రోజువారీ ఒకే ఒక లెన్స్‌గా నేను ఎవరికీ సూచించను. ఒక్క లెన్స్‌తోనే ఇల్లు, వీధి, ప్రయాణం గడవాలి అన్నవారికి 35 నుంచి 40 ఎంఎం మధ్య ఉన్నది సరైనదని నా నమ్మకం.

3. ఉన్న జూమ్‌తోనే పరీక్ష చేయండి

ఏమీ కొనకముందే చేయగలిగిన పని ఇది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. మీ కిట్ లెన్స్ జూమ్ రింగును, మీరు అనుకున్న ఫోకల్ లెంగ్త్ దగ్గర ఆపి, రింగు కదలకుండా ఒక చిన్న టేపు ముక్క అంటించండి. ఏపీఎస్-సీ కెమెరాలో 35 కోసమైతే 23 దగ్గర, 40 కోసమైతే 27 దగ్గర, 50 కోసమైతే 33 దగ్గర ఆపాలి. టేపు ఫోకస్ రింగు మీద పడకుండా చూసుకోండి, జిగురు మిగలని కాగితపు టేపు వాడండి. మోటారుతో జూమ్ అయ్యే లెన్సులకు టేపు ఉపయోగపడదు, పైగా వాటిలో చాలావరకు కెమెరా ఆపి ఆన్ చేయగానే మొదటి స్థానానికి వెళ్ళిపోతాయి. అటువంటివారు తెరమీద కనిపించే అంకెను చూసి ప్రతిసారీ అక్కడికి తెచ్చుకోవాలి.

ఒక వారం ఒక ఫోకల్ లెంగ్త్, మరుసటి వారం ఇంకొకటి. ఇంట్లో, ఆఫీసుకు వెళ్ళే దారిలో, ఆదివారం బజారులో తీయండి. తీసిన ఫోటోల మంచిచెడ్డల కంటే మీ కాళ్ళు ఎటు కదిలాయో గమనించండి. మాటిమాటికీ వెనక్కి జరగవలసి వచ్చిందంటే లెన్స్ ఇరుకు. దగ్గరికి వెళ్ళినా ఫ్రేములో ఖాళీ మిగిలిపోయి, తరువాత కంప్యూటరులో కత్తిరించుకుంటూ ఉంటే అది మీకు వెడల్పు ఎక్కువ.

పాత ఫోటోల వివరాలు తెరిచి ఏ ఫోకల్ లెంగ్త్‌తో ఎక్కువ తీశారో లెక్కపెట్టమని కొందరు సలహా ఇస్తారు. అందులో ఒక లోపం ఉంది. జూమ్ చేతిలో ఉంటే మనం తెలియకుండానే ఈ చివరకో ఆ చివరకో తిప్పేస్తాం కాబట్టి ఆ లెక్కలో జూమ్ రెండు కొసలే కనిపిస్తాయి. టేపు అంటించిన వారం చెప్పినంత నిజం అది చెప్పదు.

4. సైజు, బరువు

ఫోకల్ లెంగ్త్ తేలాక, అందులో దొరికే లెన్సుల బరువు, పొడవు రాసుకోండి. కొన్ని అంకెలు ఇస్తున్నాను, ఇవి లెన్స్ మీద రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌లు. ఫ్యూజీఫిల్మ్‌లో 27 ఎంఎం ఎఫ్ 2.8 డబ్ల్యూఆర్ 84 గ్రాములు, పొడవు 23 మి.మీ. అదే వారి 23 ఎంఎం ఎఫ్ 2 సుమారు 180 గ్రాములు, 35 ఎంఎం ఎఫ్ 2 సుమారు 170 గ్రాములు. నికాన్ జెడ్ 26 ఎంఎం ఎఫ్ 2.8 బరువు 125 గ్రాములు, పొడవు 23.5 మి.మీ., 40 ఎంఎం ఎఫ్ 2 బరువు 170 గ్రాములు. కెనాన్ ఆర్ఎఫ్ 28 ఎంఎం ఎఫ్ 2.8 బరువు 120 గ్రాములు, 50 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 160 గ్రాములు. సోనీ ఫుల్‌ఫ్రేమ్‌కు 2021లో వచ్చిన 24 ఎంఎం ఎఫ్ 2.8, 40 ఎంఎం ఎఫ్ 2.5, 50 ఎంఎం ఎఫ్ 2.5 మూడూ ఒకే కొలతలో ఉంటాయి, ఏదీ 175 గ్రాములు దాటదు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఒలింపస్ (ఇప్పటి ఓఎం సిస్టమ్) 17 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 120 గ్రాములు, 45 ఎంఎం ఎఫ్ 1.8 బరువు 116 గ్రాములు. పోల్చుకోవడానికి ఒకటి చెబుతాను: సోనీ 35 ఎంఎం ఎఫ్ 1.4 జీ మాస్టర్ 524 గ్రాములు. మధ్యాహ్నం మూడు గంటల మే నెల ఎండలో టీ నగర్ పాండీ బజారులో కెమెరాను మెడకు తగిలించుకుని నడిచేవారికి ఆ మూడు వందల యాభై గ్రాముల తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

లెన్స్ పొడవును ఒంటరిగా చూడకండి. బాడీ మందం, లెన్స్ పొడవు, ముందు మూత, హుడ్ కలిపి ఎంతవుతుందో కొలిచి, మీరు రోజూ ఆఫీసుకు తీసుకెళ్ళే సంచిలో టిఫిన్ డబ్బా పక్కన అది పడుతుందో లేదో చూసుకోండి. బాడీకి చేతి పట్టు పెద్దదిగా ఉంటే, ఆ పట్టు కంటే పలుచటి లెన్స్ పెట్టినందువల్ల అదనంగా కలిసివచ్చేది ఏమీ ఉండదు. కొన్ని చిన్న లెన్సులు ఫోకస్ చేసేటప్పుడు ముందుకు పొడుచుకువస్తాయి. కెనాన్ ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 అటువంటిది. కెమెరా ఆన్‌లో ఉండగా దాని లోపలి గొట్టానికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి.

చిన్నదనానికి మూల్యం కూడా ఉంది. పలుచటి లెన్సులు ఫోటో మూలలను కొంత చీకటిగా, గీతలను కొంత వంపుగా ఇస్తాయి. కెమెరా జేపీఈజీలో వాటిని తానే సరిచేస్తుంది. మీరు రా ఫైళ్ళు (కెమెరా సరిచేయకుండా ఇచ్చే ముడి ఫైళ్ళు) వాడేవారైతే మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ లెన్స్ లోపాలను సరిదిద్దే ప్రొఫైల్ ఉందో లేదో ముందే చూసుకోండి. నికాన్ 28, 40 ఎంఎం లెన్సుల మౌంటు ప్లాస్టిక్‌ది. వాటంత తేలిక లెన్సుకు అదేమీ ప్రమాదం కాదని నా అభిప్రాయం. తడి సంగతి మాత్రం తీవ్రంగా తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వాన ఎప్పుడు ముంచుతుందో చెప్పలేం కనుక, వీధి ఫోటోలు తీసేవారు నీటి తుంపర నుంచి రక్షణ ఉన్న లెన్స్‌కు కొంచెం ఎక్కువ పెట్టడం న్యాయమే. అయితే బాడీకి కూడా ఆ రక్షణ ఉంటేనే లెన్స్‌కు ఉన్నది పనికివస్తుంది.

5. ఇప్పుడు ఎఫ్ సంఖ్య

ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 2కు వస్తే వెలుతురు రెట్టింపు, ఎఫ్ 2 నుంచి ఎఫ్ 1.4కు వస్తే మళ్ళీ రెట్టింపు. రాత్రి కల్యాణమండపం భోజనాల హాలులో 1/100 సెకను షట్టర్ స్పీడ్‌తో ఎఫ్ 2.8 దగ్గర ఐఎస్ఓ (తక్కువ వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి, ఇది పెరిగేకొద్దీ ఫోటో గరుకుగా వస్తుంది) 6400 అవసరమైతే, ఎఫ్ 2 దగ్గర 3200, ఎఫ్ 1.4 దగ్గర 1600 చాలు. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 6400 వాడదగిన ఫోటోయే ఇస్తుంది కాబట్టి అక్కడ ఎఫ్ 2.5, 2.8 లెన్సులతో నిశ్చింతగా ఉండవచ్చు. ఏపీఎస్-సీలో, ఇంకా ముఖ్యంగా మైక్రో ఫోర్ థర్డ్స్‌లో, రాత్రి ఇంటి లోపల ఎక్కువగా తీసేవారు ఎఫ్ 2 లేదా 1.8 వైపు చూడడం మంచిది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంది కదా, ఎఫ్ సంఖ్యతో పనేమిటి అనుకోకండి. అది మీ చేతి వణుకును ఆపుతుంది గాని పరుగెత్తే పిల్లవాడిని ఆపలేదు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబ్‌లైట్లు, చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. వాటి కింద షట్టర్ 1/100 కంటే వేగంగా వెళితే ఫోటోలో అడ్డచారలు రావచ్చు. ఆ విధంగా షట్టర్‌ను 1/100 దగ్గర ఉంచగలిగితే, ఎఫ్ 1.4 అవసరమని మీరు అనుకున్న చోట ఎఫ్ 2 సరిపోవడం చూస్తారు.

వెనక భాగం మసకబారాలన్న కోరికతో ఎఫ్ 1.8 కొనేవారు ఒక కొలత తెలుసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ మీద 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, ఒకటిన్నర మీటరు దూరంలోని ముఖాన్ని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు మొత్తం సుమారు 10 సెంటీమీటర్లు. అక్కా చెల్లెళ్ళు పక్కపక్కనే నిలబడి ఒకరు అరచేతి వెడల్పు వెనక్కి ఉన్నా రెండో ముఖం మెత్తబడుతుంది. ఎఫ్ 4కు మార్చుకుంటే ఆ లోతు 20 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే కుటుంబ ఫోటోలలో మీరు ఎలాగూ ఎఫ్ 2.8, ఎఫ్ 4 దగ్గరే పనిచేస్తారు.

6. ఫోకస్

కనిష్ఠ ఫోకస్ దూరం చూడండి. ముప్పై సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అయ్యే లెన్స్‌తో ముగ్గు మీద పిండి రేఖనూ, దవరాలో కాఫీ నురగనూ తీయవచ్చు. ఇష్టమైన వంటకాలను తీసేవారికి ఇది ముఖ్యం. ఆటోఫోకస్ చప్పుడు వీడియో తీసేవారికి ముఖ్యం. పానసోనిక్ 20 ఎంఎం ఎఫ్ 1.7 చాలా అందమైన ఫోటో ఇచ్చే చిన్న లెన్స్, అయినా దాని ఫోకస్ నెమ్మది, నిరంతర ఆటోఫోకస్‌కు అది పనికిరాదు. కదలని దృశ్యాలకు కొనండి, పిల్లల ఆటలకు కొనకండి.

7. దుకాణంలో, వాడిన లెన్స్ దగ్గర

మౌంట్ రోడ్ చుట్టుపక్కల కెమెరా దుకాణాలకు వెళ్ళేటప్పుడు మీ బాడీ, మీ మెమరీ కార్డు తీసుకెళ్ళండి. అద్దెకు దొరికితే ముందు ఒక రోజు అద్దెకు తీసుకోవడం ఇంకా మేలు. దుకాణం గుమ్మంలో నిలబడి ఎదురుగా దూరంగా ఉన్న భవనాన్ని ఆ లెన్స్‌లో అతి చిన్న ఎఫ్ సంఖ్య దగ్గర ఒకసారి, ఎఫ్ 5.6 దగ్గర ఒకసారి తీయండి. కెమెరా తెరమీద నాలుగు మూలలనూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక పక్క మాత్రమే మెత్తగా ఉండి, కెమెరాను తలకిందులుగా పట్టుకుని తీసినప్పుడు ఆ మెత్తదనం భవనం రెండో పక్కకు మారితే, లోపలి గాజులు సరిగా కుదరలేదన్నమాట. ఆ లెన్స్ వద్దని ఇంకొకటి అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, భారతదేశపు వారంటీ వర్తిస్తుందో లేదో అప్పుడే తేల్చుకోండి. బిల్లు లేని చవక లెన్స్‌తో మిగిలే డబ్బు, మొదటి రిపేరుకే పోవచ్చు.

వాడిన లెన్స్ విషయంలో చెన్నైలో అన్నిటికంటే ముందు చూడవలసినది ఫంగస్. రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్‌ను ఒక కొస నుంచి ఏటవాలుగా వేసి, రెండో కొస నుంచి చూడండి. దుమ్ము రేణువులు చుక్కలుగా మెరుస్తాయి, వాటివల్ల నష్టం లేదు. సన్నని వేళ్ళలా, సాలెగూడు పోగుల్లా అంచు నుంచి లోపలికి పాకినవి కనిపిస్తే అది ఫంగస్. గాజు అంతటా పాలపొరలా తెల్లటి మసక కనిపించినా వద్దనండి. మీరు చూస్తున్నంతసేపూ లెన్స్‌ను నెమ్మదిగా తిప్పుతూ ఉండండి, కొన్ని పోగులు ఒక్క కోణంలోనే కనిపిస్తాయి. ఊపితే లోపల ఏదో కదిలినట్టు శబ్దం రావడం మాత్రం కొన్ని లెన్సులలో లోపం కాదు. లీనియర్ మోటారు ఉన్నవాటిలో, కరెంటు లేనప్పుడు ఫోకస్ గాజులు వదులుగా ఉంటాయి.

కొన్నాక ఇంటికి వచ్చిన రోజునే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు సమకూర్చుకోండి. డబ్బాలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. 60 దాటితే ఫంగస్‌కు అనుకూలం, మరీ 30 కిందికి దించడమూ మంచిది కాదు. తోలు సంచిలో, బట్టల బీరువాలో నెలల తరబడి పెట్టకండి. ఏసీ గదిలో నుంచి వీధిలోకి వచ్చేటప్పుడు కెమెరాను సంచిలోనే మూసి ఉంచి, పావుగంట ఆగి తీయండి, లేకపోతే చల్లటి గాజు మీద తేమ పట్టేస్తుంది. కాశిమేడు రేవు నుంచో మెరీనా నుంచో వచ్చినప్పుడు లెన్స్ పై గొట్టాన్ని తడిపి పిండిన మెత్తటి బట్టతో తుడిచి ఆరనివ్వండి. గాజును మాత్రం ముందు బ్లోయర్‌తో ఊదకుండా తుడవకండి, ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా గీత పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రెండు లెన్సులు మిగిలి ఏదీ తేల్చుకోలేకపోతే, ఆ రెంటిలో తేలికైనది తీసుకోండి. మార్పిడి గడువు ఎన్ని రోజులో దుకాణంలోనే అడిగి, ఆ గడువు ముగిసేలోగా మూలల పరీక్షను ఇంట్లో ట్రైపాడ్ మీద మళ్ళీ చేయండి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద కదిలే మనిషి మీద ఫోకస్ ఎంత త్వరగా పడుతుందో చూడండి, చిన్న వీడియో ఒకటి తీసి మోటారు చప్పుడు వినండి.